ఐర్లండు సన్యాసులు, మా అత్తగారి అన్నం

మా అత్తగారు రోజూ తన పళ్ళెంలో అన్నం సగం తీసి పక్కన పెట్టేవారు. ఆ సగం మా మామగారిది.

మా మలాయి దేశం జపాను వాళ్ళ చేతిలో ఉన్న కాలంలో మామగారు సయాం రైలు దారి వెయ్యడానికి లారీ ఎక్కి వెళ్ళారు. మా కొబ్బరితోట నుంచి అలా వెళ్ళినవాళ్ళలో కొందరు ఎముకలగూళ్ళై తిరిగొచ్చారు. రానివాళ్ళకి ఇళ్ళల్లో కర్మలు చేసేశారు. ఒక్క మా ఇంట్లోనే చెయ్యలేదు. "ఆయన పోనాడని ఎవుడు సూసినాడు?" అనేవారు అత్తగారు. నిజమే, ఎవరూ చూడలేదు. చూడలేదు గనక ఆయన వస్తున్నట్టే లెక్క. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగు పెట్టేనాటికి యుద్ధం ఎప్పుడో ముగిసింది, మామగారు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నారు.

దారిలో ఉన్న మనిషికి ఆకలేస్తుంది గదా. అందుకని ఆ సగం అన్నం మీద అరిటాకు ముక్క కప్పి గూట్లో పెట్టేవారు. పొద్దున్నే తీసి కోళ్ళకి వేసేవారు. "చద్దన్నం మీరే తినొచ్చు కదత్తా" అని కొత్తలో ఒకసారి అన్నాను. "ఆయన వాటా నాను తింతానేటే?" అని నన్ను ఒక చూపు చూశారు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంట్లో బియ్యం బస్తా ఉన్నన్నాళ్ళు దీనివల్ల ఎవరికీ నష్టం లేకపోయింది. తర్వాత కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ముదిరింది. అడివిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద సోల్జర్లు, మధ్యలో మేము. తోటలో పనివాళ్ళ ఇళ్ళన్నీ ముళ్ళకంచె లోపలికి మార్చి, కంచెకి ఒక గేటు పెట్టి, గేటుకి తుపాకులు పెట్టారు. అడివిలో వాళ్ళకి గింజ కూడా అందకూడదని ఇళ్ళల్లో బియ్యం ఉంచుకోనివ్వడం మానేశారు. కంచె లోపల అందరికీ ఒకే వంటశాల. అక్కడ వండి మనిషికింతని కొలిచి పెట్టేవారు. వండిన అన్నమైనా సరే గేటు దాటిస్తే నేరం. చెట్లెక్కడానికి వెళ్ళే మగాళ్ళు కూడా మధ్యాహ్నానికి మూట కట్టుకోవడానికి లేదు.

లేని మనిషికి వాటా ఇవ్వరు గదా. అయినా అత్తగారు వెళ్ళి అడిగారు. "ఆయన వచ్చాక తప్పకుండా ఇస్తాంలే అమ్మా" అన్నాడు వంటశాల చూసే కంగాణీ మేస్త్రీ, ఆవిణ్ణి వదిలించుకోవడానికి. అత్తగారు పొంగిపోయి ఇంటికొచ్చారు. ఆయన వస్తాడని ఒప్పుకున్న మొదటి మనిషి ఆ కంగాణీయే.

వాటా దొరకలేదు కాబట్టి తన వాటాలోంచే సగం తీయడం మొదలుపెట్టారు. మా కోళ్ళు బలిశాయి, అత్తగారు చిక్కిపోయారు. రవిక భుజాల మీంచి జారిపోయేది. ఒకనాడు వంటశాల వరసలో నిలబడి కళ్ళు తిరిగి పడ్డారు. తోట ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సరు ఆవిడ కంటి రెప్ప కిందకి లాగి చూసి మమ్మల్ని బయటికి పిలిచాడు. "మందు కాదమ్మా, ఈమెకి కావలసింది అన్నం. ఇలాగే సగం కడుపుతో ఉంటే దక్కదు" అన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఆవిడంటే నాకు భయం ఉంది, కోపం ఉంది, ఆ రెండింటికంటే ఎక్కువ ప్రేమ ఉంది. ఆవిడ కడుపునిండా తినాలి. దానికి నాకు కనపడిన దారి ఒకటే: మా మామగారు రావాలి, లేదా పోవాలి.

మా ఆయన తోట ఆఫీసులో గుమాస్తా. మంచి మనిషి. మంచి మనిషంటే వాళ్ళమ్మ ముందు నోరు విప్పని మనిషి. డ్రెస్సరు చెప్పిన రోజు ధైర్యం తెచ్చుకుని "అమ్మా, నాయనకి..." అని మొదలుపెట్టారు. "ఏటి, నాయినకి?" అన్నారు ఆవిడ తలెత్తి. "నాయన చొక్కాలు పెట్టెలో ముక్కిపోతున్నాయి, ఎండలో వేద్దామా అని" అన్నారు. ఇద్దరూ కలిసి చొక్కాలు ఎండేశారు. నేను వంటింట్లోకెళ్ళి గిన్నెలు గట్టిగా తోమాను.

నేను తెలుక్ ఆన్సన్ ఊరి పిల్లని. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నారు. మా పుట్టింట్లో అరవం ఎక్కువ, తెలుగు తక్కువ. నేను నోరు తెరిస్తే అత్తగారు "ఒలే, నువ్వు మాటాడతన్నది ఏ బాసో ముందు సెప్పు, తరవాత ఇంటాను" అనేవారు. పెళ్ళయ్యాక కూడా ఊళ్ళో సిస్టర్ల బళ్ళో టీచరు పని మానలేదు. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని.

మా బడి పెద్ద సిస్టరు ఐర్లండు మనిషి. ఎర్రటి మొహం, గది దాటి వినపడే నవ్వు. పొరపాటున ఎవరైనా ఆమెను ఇంగ్లీషు దొరసాని అన్నారంటే ఆ పూట వాళ్ళకి చరిత్ర పాఠం తప్పేది కాదు. మెర్డేకా దగ్గరపడింది, దేశానికి స్వతంత్రం వస్తోంది. బళ్ళో జెండాలు కుట్టడానికి చేతులు చాలక పిల్లల అమ్మల్ని, అమ్మమ్మల్ని, టీచర్ల అత్తల్ని కూడా రమ్మన్నారు. మా అత్తగారు వచ్చారు. జెండాలు కుట్టడానికని కాదు, కోడలు ఎవరి కింద కొలువు చేస్తోందో కళ్ళారా చూడ్డానికి.

సిస్టరు గదిలో కూర్చుని కుడుతున్నాం. అత్తగారి సూది ఆగింది. ఆవిడ గోడ మీద ఉన్న పాత ఫొటో చూస్తున్నారు. రాతి గోడలు, ఒక పొడుగాటి గోపురం, మధ్యలో ఆకాశం.

"ఏటే అది? గుడేనా? మరి కప్పేదీ?"

నేను ఆ ప్రశ్న ఇంగ్లీషులో అడిగాను. సిస్టరు బట్ట పక్కన పెట్టేశారు. ఆమెకి ఆ మాత్రం సందు చాలు.

అది వాళ్ళ ఊరి చివర ఏటి ఒడ్డున వందల ఏళ్ళ కిందట సన్యాసులు కట్టుకున్న మఠమట. ముతక అంగీలు వేసుకుని, ఇంటింటికీ తిరిగి అడుక్కుని తినేవారట. ఇంగ్లండు రాజు మనుషులొచ్చి కప్పు తగలబెట్టి, కొందరిని చంపి, మిగిలినవాళ్ళని తరిమేశారట. ఇప్పుడు లోపల గడ్డి పెరిగితే ఊరి ఆవులు మేస్తాయట.

"అడుక్కు తినీవోళ్ళా? మన దాసుళ్ళ నాటోళ్ళన్నమాట" అన్నారు అత్తగారు. ఆవిడకి వాళ్ళ మీద అప్పుడే అభిమానం పుట్టింది.

సిస్టరు ఊపందుకున్నారు. సోల్జర్లు వస్తున్నారని తెలిసి సన్యాసులు గంటను ఏట్లో పడేశారట. ఊళ్ళో ఎవరైనా పోయే ముందు నీళ్ళల్లోంచి అది మోగుతుందట. సిస్టరు అమ్మమ్మ ఒకసారి విని అందరికీ చెప్పిందట. ఊరంతా ఒకరి మొహాలొకరు అనుమానంగా చూసుకుంటూ గడిపితే, చివరికి పోయినవాడు పక్క ఊరివాడట. ఆ గోడల రాళ్ళు ఎవరూ ముట్టుకోకూడదట. సిస్టరు బాబాయి నాలుగు రాళ్ళు తెచ్చి పందుల పాక కట్టుకుంటే, పందులు జోరున వానలో తడుస్తూ నిలబడ్డాయి గానీ ఆ పాకలోకి అడుగు పెట్టలేదట. మనిషి రాళ్ళన్నీ తిరిగి మోసుకెళ్ళి ఎక్కడివక్కడ పెట్టి వచ్చాడట. గోడలో ఒక గుంట రాయి ఉందట, దాంట్లో నిలిచిన వాన నీళ్ళు రాస్తే పులిపిర్లు రాలిపోతాయట. సిస్టరు తన బొటనవేలు చూపించారు. అత్తగారు ఆ వేలు పట్టుకుని, తిప్పి చూసి, "నిజివే, మచ్చ కూడా నేదు" అని తేల్చారు.

"అన్నిటికంటే పెద్ద కథ ముసలి సన్యాసిది" అన్నారు సిస్టరు. పూజ మధ్యలో ఉండగా ఆయన్ని చంపేశారట. వాళ్ళ పూజలో పూజారి ఒక మాట అంటే ఎదురుగా ఉన్నవాళ్ళు దానికి బదులు చెప్పాలి. సగంలో ఆగిపోయిన పూజ పట్టుకుని ఆయన ఇప్పటికీ సాయంత్రం పూట ఆ గడ్డిలో నిలబడి, "బదులు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాడట. బతికున్న మనిషి ఒకరు బదులు చెబితే ఆయనకి విడుదలట. సిస్టరు తాతగారు తప్పిపోయిన ఆవు కోసం వెళ్ళి ఆ గొంతు విన్నాడట. మొదటి రెండు మాటలకి బదులు చెప్పాడట. మూడోది గుర్తు రాలేదు. ఆవుని అక్కడే వదిలేసి పరుగెత్తాడట.

సిస్టరు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అత్తగారు నవ్వలేదు.

"ఆ సాములోర్లకి తద్దినం ఎవులెడతారు?"

వాళ్ళకి పెళ్ళిళ్ళూ పిల్లలూ ఉండరని, ఊరివాళ్ళు ప్రార్థన చేస్తారని సిస్టరు అన్నారు.

"పార్దన సరే, అన్నవో?"

అన్నం పెట్టడం తమ పద్ధతిలో లేదన్నారు సిస్టరు, కాస్త నొచ్చుకున్నట్టుగా. అత్తగారు ఫొటో దగ్గరకి వెళ్ళి గోపురం మీద వేలు పెట్టారు. "మరి ఈ నల్లగా ఉన్నయ్యేటి?"

"కాకులు. మా ఊరి కాకులు కొంచెం చిన్నవి. గోపురం నిండా అవే. వాటిని ఎవరూ కొట్టరు. ఆ సన్యాసులే అలా తిరుగుతున్నారని మా వాళ్ళు అంటారు."

ఇది తెలుగులో చెప్పడమే నా కొంప ముంచింది. అత్తగారు రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకున్నారు. "ఓలమ్మోలమ్మ! కాకులొచ్చి కూకున్నాయి, ఎట్టీవోడే లేడు!"

గేటు దగ్గర బస్సు దిగుతూ అత్తగారు, "మీ మావ ఎలాగూ వస్తాడు. ఆలు రారు. ఆలికి ఎవులో ఒకలు ఎట్టాల" అన్నారు.

ఆ సాయంత్రం అత్తగారు తన అన్నంలో మామగారి సగం తీశారు. తర్వాత మిగిలిన సగంలో సగం తీసి ఇంకో ఆకులో పెట్టారు. అది ఐర్లండు సన్యాసులది. మా కోళ్ళకి స్వర్ణయుగం వచ్చింది. ఒక్క మామగారితోనే వేగలేకపోతుంటే, చచ్చి వందల ఏళ్ళయిన దొరల మఠం మొత్తం మా పళ్ళెంలోకి దిగింది.

మామగారి సంగతి నా చేతుల్లో లేదు. కనీసం ఈ సన్యాసుల్నయినా సాగనంపాలని, ఊళ్ళో గుడి అయ్యరు దగ్గరకి వెళ్ళాను. ఆయన తమిళాయన. వాళ్ళకి ఒకేసారి ఏదో చేసేసి పంపెయ్యమని అడిగాను.

"సన్యాసికి పిండం లేదమ్మా. సన్యాసం పుచ్చుకున్న రోజునే తన పిండం తనే పెట్టేసుకుంటాడు" అన్నారు.

"వీళ్ళు ఐర్లండు సన్యాసులండీ. ఆ సంగతి వాళ్ళకి తెలీదు."

అయ్యరు గడ్డం గోక్కున్నారు. గోత్రం అడిగారు. లేదన్నాను. పోనీ ఊరి పేరన్నా చెప్పమన్నారు. చెప్పాను. ఆ పేరు పలకడానికి చాలా కష్టపడి వదిలేశారు. చివరికి, మహాలయ అమావాస్య నాడు పెద్దలందరికీ పెట్టాక, దిక్కూ మొక్కూ లేని వాళ్ళందరి కోసం ఆఖర్న ఒక పిండం ఉంటుందని, అందులో మీ వాళ్ళని కలిపేస్తానని అన్నారు. ఏటి ఒడ్డున చెయ్యాలి, కొడుకు కూర్చోవాలి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అత్తగారు ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు. "ఆల తరపున ఒక మనిసుండాల కదేటి? మనమే ఎట్టేసి మనమే సూసుకుంటే ఆలికేటి తెలుస్తాది? సిస్టరమ్మని రమ్మను."

నేను సిగ్గుతో చచ్చిపోతూ సిస్టరుకి చెప్పాను. "నేను పాల్గొనకూడదు. చూడకూడదని మాత్రం నాకెవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగబోవడం లేదు గనక ఇకమీదట కూడా చెప్పరు" అన్నారు.

ఈలోపల మెర్డేకా వచ్చింది. ఊళ్ళో జెండాలు, పాటలు, టపాకాయలు. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని స్వతంత్ర దేశపు పౌరుడిగా తోట చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. కంచె మాత్రం కంచెలాగే ఉంది, గేటు దగ్గర తుపాకీ తుపాకీలాగే ఉంది. "సతంత్రం వచ్చినాదన్నారు, మన గేటుకి తెలీనట్టుంది లా" అన్నారు అత్తగారు, మలాయి వాళ్ళ మాదిరి మాట చివర "లా" తగిలించి.

అమావాస్య పొద్దున ముగ్గురి వాటా అన్నమూ ఒక ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరాం. ఇంట్లో మాకు తినడానికి మెతుకు లేదు. కంచె లోపల కాలవ గట్టున కానిచ్చేద్దామని మా ఆయన బతిమాలారు. అన్నం గేటు దాటితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు. అత్తగారు వినలేదు. "పెద్దలకి మురిక్కాలవ కాడ ఎడతావేట్రా?" అని, దాపరికం లేకుండా పళ్ళెం నెత్తిన పెట్టుకుని, గేటు వైపు నడిచారు.

గేటు దగ్గర మలాయి కానిస్టేబులు పళ్ళెంలోకి తొంగి చూసి, "నాసి! ఉంతుక్ సియాపా?" అన్నాడు. అన్నం ఎవరికి అని.

"ఓరాంగ్ మాతి" అన్నారు అత్తగారు. చచ్చిపోయినవాళ్ళకి.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏ చచ్చిపోయినవాళ్ళు, ఎక్కడివాళ్ళు అని అడిగాడు.

"ఐర్లండ్ లా" అన్నారు అత్తగారు.

అతను ఈల వేసి పోలీసు దొరని పిలిచాడు. కుర్ర ఇంగ్లీషువాడు, ఎండకి ముక్కు తోలు ఊడిపోతోంది. అన్నం బయటికి పోతోందని వినగానే మొహం బిగుసుకుపోయింది. తోట గుమాస్తా కుటుంబం పట్టపగలు కమ్యూనిస్టులకి అన్నం మోస్తోందని అతని లెక్క. మా ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ క్షణాన ఒక్క ముక్క రాలేదు. నేను చెప్పబోయాను. ఐర్లండు, సన్యాసులు, కాకులు అని నా నోట్లోంచి వస్తుంటే నాకే అబద్ధంలా వినపడింది.

అప్పుడు బడి వ్యాను వచ్చి ఆగింది. సిస్టరు దిగారు. సంగతి విని, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ కుర్రవాడి ముందు నిలబడ్డారు.

"వీళ్ళు అన్నం పెట్టేది మా ఊరి సన్యాసులకి. వాళ్ళ వంటిల్లు తగలబెట్టింది మీ రాజుగారి మనుషులు. అప్పటినుంచి వాళ్ళు భోజనం చెయ్యలేదు. ఇవాళ ఈ తల్లి పెడతానంటే మళ్ళీ నువ్వే అడ్డొస్తున్నావు."

అతను ఎర్రబడ్డాడు. తనకి సంబంధం లేదని, అది చాలా పాతమాట అని ఏదో అన్నాడు. "అందుకే ఆకలి కూడా చాలా పాతది" అన్నారు సిస్టరు. చివరికి అతను ఒక రాజీకి వచ్చాడు. తనూ వెంట వస్తాడు. ఆ అన్నం ఎవరు తింటారో కళ్ళారా చూస్తాడు. అడివివైపు ఒక్క ముద్ద కదిలినా అందరం జైలుకే.

అలా పెరాక్ ఏటి ఒడ్డుకి మా ఊరేగింపు చేరింది. ముందు అత్తగారు పళ్ళెంతో, వెనక మా ఆయన, నేను, తెల్లటి అంగీకి బురద అంటకుండా ఎత్తిపట్టుకుని సిస్టరు, పిస్తోలుతో పోలీసు దొర, తుపాకీతో కానిస్టేబులు. ఒడ్డున ఎదురు చూస్తున్న అయ్యరు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. పారిపోదామనుకున్నారని తర్వాత చెప్పారు.

అయ్యరు చాప పరిచి, మా ఆయన్ని దక్షిణంవైపు మొహం పెట్టి కూర్చోబెట్టి, వేలికి దర్భ ఉంగరం తొడిగారు. అన్నంలో నువ్వులు కలిపించి ముద్దలు చేయించారు. నీళ్ళ కోసం చెయ్యి చాస్తూ తలెత్తి అప్పుడు చూశారు మా అత్తగారి మొహం. పెద్ద కుంకుమబొట్టు, చేతుల నిండా గాజులు. ఆ బొట్టు వైపు చూశారు, మా ఆయన వేలికి ఉన్న దర్భ వైపు చూశారు. చేతిలో నువ్వులు మళ్ళీ ఆకులో పోసేశారు.

"తంబీ, అప్పా ఇరుక్కారా?"

నాన్నగారు ఉన్నారా అని. మా ఆయన తల్లి వైపు చూశారు.

తండ్రి బతికుండగా కొడుకు ఈ చాప మీద కూర్చోకూడదని అయ్యరు చెప్పారు. సొంత పెద్దలకి పెట్టకుండా దిక్కులేని వాళ్ళకి పెట్టే ఆఖరి పిండం ఒక్కటే పెట్టడం కూడా లేదన్నారు. "ఉంటే లేచిపో బాబూ. లేకపోతే ఆయన పేరు చెప్పు."

ఈ నియమం నాకు తెలీదు. తెలిసుంటే ఆవిణ్ణి ఆ ఒడ్డుకి తీసుకొచ్చేదాన్ని కాదు. సిస్టరు నా మోచెయ్యి గిల్లి ఏమంటున్నాడని అడిగారు. చెప్పాను. మా ఆయన మెల్లగా లేవబోయారు.

"కూకో" అన్నారు అత్తగారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఒలే, సిస్టరమ్మనడుగు. ఆ ముసలి సాములోరికి ఎవులో ఒకలు పూర్తిగా బదులు సెప్పినారనుకో. అప్పుడేటవుద్ది?"

"పూజ అయిపోతుంది. ఆయన వెళ్ళిపోతాడు" అన్నారు సిస్టరు.

"మరింక కనపడడా?"

"కనపడడు."

"సెప్పకపోతే?"

"అక్కడే నిలబడి ఉంటాడు. చలిలో, ఆకలితో."

అత్తగారు ఏటి వైపు చూస్తూ ఉండిపోయారు. పోటు వస్తోంది, నీళ్ళు చాప అంచు దాకా వచ్చాయి. ఆవిడ గొంతు నాకొక్కదానికే వినపడింది.

"నాను బదులు సెప్పనేదని ఆయన ఆ అడివిలో అలాగే నిలబడిపోనాడేటే?"

నాకు ఏడుపొచ్చింది. ఏమందని సిస్టరు అడిగితే చెప్పలేకపోయాను.

"ఆయన లేరు" అన్నారు అత్తగారు అయ్యరుతో. తర్వాత పేరు చెప్పారు. మొగుడి పేరు నోటితో పలకని తరం ఆవిడది. మామగారి పేరు నాకు మా ఆయన చెబితేనే తెలిసింది. ఆవిడ నోట నేను అది విన్నది ఆ ఒక్కసారే. ఇంటిపేరు, గోత్రం, తండ్రి పేరుతో సహా, అవతలి ఒడ్డుకి పిలిచినట్టు గట్టిగా చెప్పారు. మా ఆయన ఏడుస్తూ పిండాలు పెట్టారు. ఆఖరి ముద్ద సన్యాసులకి పెట్టారు.

అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కొబ్బరిమట్ట మీంచి ఒక కాకి దిగింది. ముద్దలన్నిటి చుట్టూ గెంతి, నేరుగా ఆఖరి ముద్ద దగ్గరకెళ్ళి పొడవడం మొదలుపెట్టింది. మా మామగారి ముద్ద వైపు చూడనైనా లేదు. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ తల ఊపారు.

"ముందు ఆలే తిననీ. పాత ఆకలి. ఆయనెప్పుడూ ఇంటికొచ్చినోళ్ళు తిన్నాకే తిన్నాడు."

రెండో కాకి వచ్చింది. అది మామగారి ముద్ద తింది. సిస్టరు తను చూడ్డానికి మాత్రమే వచ్చానన్న సంగతి మరిచిపోయి గుండెల మీద సిలువ గీసుకున్నారు. పోలీసు దొర టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అన్నం ఎవరు తిన్నారో కళ్ళారా చూశాడు కాబట్టి ఇక మమ్మల్ని ఏమీ అడగలేదు.

ఈ కబురు మాకంటే ముందే పనివాళ్ళ ఇళ్ళ లైన్లకి చేరింది. మధ్యాహ్నం పొరుగు ఆడవాళ్ళు నలుగురు మొహాలు వేలాడేసుకుని, బొట్టు సంగతీ గాజుల సంగతీ మాట్లాడ్డానికి వచ్చారు. వాళ్ళని గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపేశాను. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. అరవంలో అన్నాను.

సాయంత్రం వంటశాల నుంచి మా వాటా తెచ్చి వడ్డించాను. అత్తగారు కూర్చున్నారు. అలవాటున ఆవిడ వేళ్ళు అన్నం మధ్యలో గీత గీశాయి. మా ఆయనా నేనూ ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూస్తున్నాం. ఆవిడ ఆ సగం వైపు కాసేపు చూశారు. తర్వాత రెండూ కలిపేసి పులుసు పోసుకున్నారు.

"అన్నం ఇంత ముద్దయిపోనాదేటే? నీకు వండడం ఎప్పుడొస్తాది?"

వండింది నేను కాదు, వంటశాలలో. ఆ మాట అనలేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆవిడ నన్ను తిడుతూనే తిన్నారు, నేను వింటూ ఇంకొంచెం పులుసు పోశాను.

మర్నాడు పొద్దున కోళ్ళు అలవాటుగా గుమ్మం ముందుకొచ్చాయి. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాయి.